దిక్కు మారిన చూపు

ఫాల్గుణ శుద్ధ తదియ

ఈసారి ఎవరూ నవ్వలేదు.

చూపు గురించిన పాఠం నవ్వులతో మొదలవడం నాకు అలవాటు. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకు పండితులు ఏమనుకున్నారో ముందుగా చెబుతాను. వస్తువు నుంచి వెలుగు కంట్లోకి రావడం కాదు, కంటి నుంచే సన్నని కిరణాలు బయల్దేరి తిన్నగా పోయి వస్తువును తాకుతాయని వాళ్ళలో చాలామంది నమ్మారు. చూపులేనివాడు చేతికర్రతో తడుముకున్నట్టన్నమాట. ఇక్కడికి రాగానే వెనక వరసలో ఎవడో ఒకడు కళ్ళు పెద్దవి చేసి పక్కవాడి మీదికి కిరణాలు విసిరేవాడు. తరగతంతా గొల్లుమనేది.

ఇవాళ చెంచులక్ష్మి అనే పిల్ల లేచి నిలబడింది. "దాంట్లో తప్పేముండాది టీచర్? మేం అట్టే గదా చూస్తుండాం?" అంది.

నిజమే. ఈ తరగతిలో ఇప్పుడు పాతకళ్ళవాళ్ళం ఇద్దరమే, నేనూ నా కూతురు కామాక్షీ. మిగతా అందరికీ కొత్తకళ్ళు పెట్టేశారు. ఆ కళ్ళు మనిషికి కనబడని ఒక కిరణాన్ని పంపుతాయి. అది గోడకో మొహానికో తగిలి తిరిగొస్తుంది. ఎంత దూరం పోయి వచ్చిందో లెక్కగట్టి, ఆకారాన్ని బుర్రలో నిలబెడతాయి. దీపం అక్కర్లేదు. మంచు తవ్వేవాళ్ళ కోసమని ఒకప్పుడు భూమి నుంచి పెట్టెలకొద్దీ పంపారు. దీపాలు మాత్రం పంపడం మానేశారు. తర్వాత ఓడలే రావడం మానేశాయి.

నేను పాఠం వదల్లేదు. చాలా శతాబ్దాల తర్వాత ఒక అరబ్బు పండితుడు ఆ నమ్మకాన్ని ఎలా కొట్టిపారేశాడో చెప్పాను. "సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పెడుతుంది కదా. వెలుగు బయటికి పోయేదే అయితే నొప్పెందుకు? లోపలికి ఏదో వస్తోంది కాబట్టే నొప్పి."

"మాకు నొయ్యదు టీచర్," అంది చెంచులక్ష్మి. వాదానికి కాదు, ఉన్నమాట చెప్పింది.

రేకు మీద గంటంతో త్రిభుజం గీశాను. కొత్తకళ్ళకు సిరా కనబడదు, గాటు పడితేనే కనబడుతుంది. అందుకే మా బడిలో అన్నీ రేకులే, ఈ దినచర్య కూడా. "గ్రీకులకు దిక్కు తప్పింది గానీ గీత తప్పలేదు," అన్నాను. "కంటి నుంచి పోయినా, కంట్లోకి వచ్చినా చూపు తిన్నగానే నడుస్తుంది. అద్దానికి తగిలితే ఎంత వంపుతో వచ్చిందో అంత వంపుతోనే పోతుంది. వాళ్ళు వేసిన లెక్కలు ఇప్పటికీ చెల్లుతాయి."

కామాక్షి ఒక్కతే నా మొహం వంక చూస్తూ కూర్చుంది. మిగతావాళ్ళు ఎటు చూస్తున్నారో నాకు తెలియదు. కొత్తకళ్ళకు పాపలుండవు.

ఫాల్గుణ బహుళ పంచమి

మా మకాం చంద్రుడి మీద, ఒకప్పుడు లావా పారిన సొరంగంలో ఉంది. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. సొరంగం వంపులు తిరుగుతూ కిందికి దిగిపోతుంది కాబట్టి ఎండ లోపలికి రాదు. అయినా తిథులు మాత్రం మానలేదు. ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ కలిస్తే సరిగ్గా ఒక తెలుగు నెల. అమావాస్య అంటే మాకు నడిరేయి. ఆ రోజు భూమి నిండుగా వెలుగుతుంది.

ఇవాళ సర్పంచి రవణమ్మ మా ఇంటికొచ్చింది. అందరం రవణక్క అంటాం. కూర్చోలేదు.

"దీపాలు అయిపోతుండాయి తాయారూ. రోజుకొకటి పోతుండాది. ఉండే దీపాలన్నీ తోటకే పంపాల. మొక్కలు చస్తే తినేదానికి లేదు, పీల్చేదానికీ లేదు."

"బడి దీపం కూడానా అక్కా?"

"బడి, దారులు, ఇళ్ళు అన్నీ. ఇంటికొకటి ఉగాది దాకా ఉంచుతాం." గడప దగ్గరికి జరిగి అంది, "చిన్నబిడ్డలకి కూడా కళ్ళు పెట్టించేస్తాం. పదేళ్ళు నిండాలని ఇప్పుడు కూచోలేం. నీకే ఎట్టా అని..."

నాకు కొత్తకళ్ళు పడవు. పెళ్ళైన కొత్తలో ఎడమకంటికి పెట్టారు. ఒళ్ళు ఒప్పుకోలేదు, చీము పట్టింది. పెట్టిన కన్నూ పోయింది, పాత కన్నూ పోయింది. కుడికన్ను ఒక్కటి మిగిలింది. దాన్ని ముట్టుకోవద్దని డాక్టరు మస్తాన్ అప్పుడే చెప్పేశాడు.

చైత్ర శుద్ధ నవమి

దారి దీపాలు తీసేసిన మర్నాడే కామాక్షి పడింది.

బడి నుంచి ఇంటికి వస్తోంది. నేను వెనక ఉన్నాను, గోడ పట్టుకుని. తెలిసిన దారే గదా అని అది పరిగెత్తింది. మంచు తీసుకొచ్చే బండి ఎదురొచ్చింది. తోలేవాడికి పిల్ల కనబడింది, కేక వేశాడు. పిల్లకు బండి కనబడలేదు. చప్పుడు విన్నాను. ఆ తర్వాత అది నన్ను పిలవడం విన్నాను. ఎటువైపు నుంచి పిలుస్తోందో తెలుసుకోలేక ఆ చీకట్లో నేను రెండు చేతులూ చాచి తిరిగాను. నాకంటే ముందు ఎవరెవరో దాని దగ్గరికి చేరారు. అందరికీ కనబడుతోంది. తల్లిని నేనే ఆఖరున వెళ్ళాను.

మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక మా ఆయన పెంచలయ్య అన్నాడు, "ఇంక ఆలోచించేదేముంది మే? పెట్టించేద్దాం."

"ఎనిమిది నెలలు ఆగితే పదేళ్ళు నిండుతాయి."

"ఎనిమిది నెలలు దాన్ని కట్టేసి ఉంచుతావా?"

"రంగులు పోతాయయ్యా. ఒకసారి తీసేస్తే మళ్ళీ రావు."

"నాకు పోలేదా? నేను బతకడంలా?" అన్నాడు. మంచు తవ్వకంలో చేరినప్పుడు, పద్దెనిమిదేళ్ళకు పెట్టించుకున్నాడు. గొంతు తగ్గించి, "నువ్వు కట్టుకోనొచ్చిన పెళ్ళిచీర రంగేందో నాకు తెలీదు. అడిగితే చెప్పినావు. సరేలే అనుకున్నా. అట్టా అనుకోవాల," అన్నాడు.

కోపంతో అనలేదు. 

చైత్ర బహుళ విదియ

రవణక్క మళ్ళీ వచ్చింది. తోటలో మనిషి కావాలట. ఆకు పచ్చగా ఉందో పసుపు తిరుగుతోందో పాతకన్నే చెప్పగలదు. ఇన్నాళ్ళూ ఆ పని చేసిన ముసలాయన పోయాడు.

"ఆడైతే నీకు ఎప్పుడూ వెలుగుంటది. నీ కోసమే అడిగి పెట్టినా," అంది.

"పోయి రావచ్చా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. తోట సొరంగం అటు చివర ఉంది. వచ్చిపోతుంటే మొక్కలకు చీడ పట్టుకుంటుందని లోపలికి పోయినవాళ్ళను బయటికి రానివ్వరు. ఒక్క మనిషికే చోటు, బిడ్డను వెంట తీసుకుపోవడానికి లేదు. కాయా కూరా కిటికీలోంచి అందిస్తారు. ముసలాయన తన పెళ్ళాన్ని ఆఖరు పదేళ్ళూ ఆ కిటికీ అద్దంలోంచే చూశాడు.

"ఉగాది అయిపోయింది. దీపాలు ఈ నెలాఖరుకి తీసేస్తారు. ఈలోపల చెప్పు," అని వెళ్ళిపోయింది.

పెంచలయ్య పొమ్మన్నాడు. "నువ్వు ఇంట్లో చీకట్లో కూచోనుంటే నాకు చేతులాడవు మే. ఆడ నీకు ఇష్టమైన పనే గదా. వారానికోసారి బిడ్డని తీసుకొచ్చి చూపిస్తా."

అద్దంలోంచి చూపిస్తాడు. నేను చూస్తాను. బిడ్డకు మాత్రం నేను కనబడను. కొత్తకళ్ళ కిరణం ఆ మందపాటి అద్దాన్ని దాటదు, అద్దం గోడలాగే కనబడుతుంది.  

చైత్ర బహుళ ఏకాదశి

కళ్ళు పెట్టించడానికి ఒప్పుకుని, రవణక్కను ఒక్కటే అడిగాను. కళ్ళు తీసేముందు కామాక్షిని ఒకసారి పైకి తీసుకుపోనివ్వమని.

పైకి పోయే దుస్తులు నాలుగే మిగిలాయి. వాటి అతుకులు చిరుగుతున్నాయని, పనిమీద తప్ప ఎవరినీ పంపడం లేదు. రవణక్క కుదరదంది. పెంచలయ్య లేచి, "కరెంటు పుట్టించే సూర్యుడి పలకల మీద దుమ్ము తుడిచే పని ఈ నెల నాది గదక్కా. బిడ్డ నాకు సాయం వస్తది. దానికి సాయం వాళ్ళమ్మ వస్తది," అన్నాడు.

రవణక్క వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టింది. "అమావాస్య రోజు పోండి. తొందరగా రండి," అంది.

చైత్ర అమావాస్య

కామాక్షికి పెద్దవాళ్ళ దుస్తులు. కాళ్ళు మడిచి తాళ్ళతో కట్టాం. విరిగిన చెయ్యి లోపలే ఒంటికి ఆనించి పెట్టుకుంది.

తలుపు తెరుచుకున్నాక అది కదల్లేదు. తల పైకెత్తి నిలబడిపోయింది. నడినెత్తిన భూమి. దానికింద నేలంతా నీలి బూడిద చల్లినట్టు ఉంది. అటు పక్కన నక్షత్రాలు, ఎన్నో.

"అన్నీ ఒక్కసారే వచ్చేసినాయమ్మా," అంది నా చెవిలోని స్పీకర్లో.

అవి ఒక్కసారిగా వచ్చినట్టే ఉంటాయి. గ్రీకులకు అదే పెద్ద చిక్కు అయింది. కన్ను తెరవగానే అంత దూరాన ఉన్న నక్షత్రం కనబడుతుంది. కంటి కిరణం అంత దూరం రెప్పపాటులో ఎలా పోయింది? దాని వేగానికి అంతులేదు అని సరిపెట్టుకున్నారు. వాళ్ళలో ఒకాయన మాత్రం, వెలుగు నడిచి వస్తుంది, రావడానికి సమయం పడుతుంది అన్నాడు. ఆయన మాట చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇదంతా నేను చెప్పబోయి మానుకున్నాను. పిల్లను చూడనిచ్చాను.

పెంచలయ్య పక్కన నిలబడి ఉన్నాడు. శిరస్త్రాణం పల్చని అద్దాన్ని దాటి ఆయన కిరణం ఒక రాయి విసిరినంత దూరం పోయి తిరిగొస్తుంది. పైకి పంపితే తిరిగి రాదు. ఆయనకు పైన ఏమీ లేదు.

"ఎట్టుండాది బిడ్డా?" అని అడిగాడు.

కామాక్షి చెప్పడం మొదలుపెట్టింది. "భూమి మన దోసెల పెనమంత ఉండాది నాయనా. కాదు, ఇంకా చిన్నది. నీలంగా ఉండాది. నీలం అంటే... చల్లగా ఉంటది గదా, అట్టా. దాని మీద తెల్లగా ముగ్గుపిండి జారినట్టుండాది. పక్కన చుక్కలు. ఒకటి ఎర్రంగా ఉండాది. ఎరుపంటే పొయ్యికి దగ్గరగా చెయ్యి పెడితే ఎట్టుంటదో అట్టా."

"ఎన్ని ఉండాయి చుక్కలు?"

"లెక్కబెట్టలేం నాయనా."

ఆయన ఊఁ కొడుతూ విన్నాడు. కాసేపటికి నేలమీద కూర్చున్నాడు. దుస్తులు చిరుగుతాయి లెమ్మన్నాను. లేవలేదు. "చెప్పనీ మే. దాన్ని చెప్పనీ," అన్నాడు.

నాకున్న ఒక్క కంటితో నేను ఆకాశం ఎక్కువ చూడలేదు. శిరస్త్రాణం అద్దంలోంచి, భూమి వెలుగులో, నా కూతురి మొహం చూశాను. దాని కళ్ళు గోధుమరంగువి. మా నాయనమ్మవి అలాగే ఉండేవి.

వైశాఖ శుద్ధ దశమి

ఇవాళ కట్లు విప్పారు.

మా ఇంటి దీపం ఇంకా తీసుకుపోలేదు. రవణక్క ఎలాగో ఆలస్యం చేయించింది. కామాక్షి మంచం మీద కూర్చుని ఉంది. రెప్పల కింద నున్నని బూడిదరంగు గుండ్లు. అది తల అటూ ఇటూ తిప్పి, గోడను చూసింది, చెయ్యి చూసుకుంది, వాళ్ళ నాయనను చూసి నవ్వింది. "నాయనా, నీ ముక్కు ఇంత పెద్దదా!" అంది. పెంచలయ్య గట్టిగా నవ్వాడు. చాన్నాళ్ళుగా ఆయన నవ్వడం వినలేదు.

తర్వాత నావైపు తిరిగింది. దగ్గరికి వచ్చింది. నొసటి మీద వేలు పెట్టింది.

"బొట్టు పెట్టుకోలేదేందమ్మా?"

పెట్టుకున్నాను. దానికి మొదట కనబడాలని, ఉన్న కుంకుమంతా గీకి, పెద్దదిగా, దట్టంగా పెట్టుకున్నాను. ఎంత పెట్టినా కుంకుమకు మందం రాదు. కిరణానికి అది వట్టి చర్మమే.

"మర్చిపోయినా తల్లీ," అన్నాను.

వేలు చూసుకుంది. దానికి అంటిన ఎరుపు నాకు కనబడుతోంది. అది లంగాకు తుడుచుకుంది.

వైశాఖ బహుళ చవితి

తోటకు రానని రవణక్కకు చెప్పాను. చెంచులక్ష్మి తమ్ముడి వంతు ఇంకా రాలేదట. ఆరేళ్ళవాడు. నేను కాక పాతకన్నున్న పెద్దవాళ్ళు లేరు గనక ఈసారికి రూలు సడలించారు, వాళ్ళ అమ్మా, వాడూ కలిసి తోటకు పోతారు. వాడి కళ్ళు మిగులుతాయి. ఆమెకు రంగులు వాడు చెబుతాడు. అది విన్నాక నాకు కొంచెం స్థిమితం కలిగింది.

పెంచలయ్య కోప్పడ్డాడు. "ఎందుకు మే? నీ కన్ను ఉత్తపుణ్యానికి పోగొట్టుకుంటుండావు."

"కన్ను పోవడంలేదయ్యా. అది ఉంటుంది."

"ఉండి ఏం లాభం?"

నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. తోటలో కూర్చుంటే అన్నీ కనబడతాయి, వీళ్ళిద్దరూ తప్ప. ఇక్కడుంటే ఏమీ కనబడదు, వీళ్ళ చప్పుడు వినబడుతుంది. నేను వినడాన్ని ఎంచుకున్నాను. అలా చెబితే ఆయన మంచం అంచున కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. కొత్తకళ్ళకు కన్నీళ్ళ దారి మూసేస్తారు. ఊపిరిని బట్టి తెలిసింది.

సాయంత్రం దీపం తీసుకుపోవడానికి మనిషి వచ్చాడు. కామాక్షి అన్నం తింటోంది. పళ్ళెంలోకి వంగి ఉంది, చెంపకు మెతుకు అంటుకుని ఉంది. "తుడుచుకో," అన్నాను. తలెత్తింది. అంతే.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, దీపం పోయిన మూడో ఏడు

చాలాకాలం రాయలేదు. ఇప్పుడు రేకు మీద ఎడమ వేలు ఆనించి, దాని పక్కనే గంటం నడుపుతున్నాను. గీతలు వంకర పోతున్నాయని కామాక్షి చెబుతుంది.

బడి నడుస్తోంది. చీకట్లో రేఖాగణితం చెప్పడం కష్టం కాదు. గ్రీకులు బిందువుకు భాగాలు లేవన్నారు, గీతకు వెడల్పు లేదన్నారు. అలాంటి గీతను ఎవరు మాత్రం కంటితో చూశారు? తాడు పట్టుకుని నలుగురు పిల్లలు నిలబడితే చతురస్రం అవుతుంది. వెలుగు చరిత్ర మాత్రం ఇప్పుడు కథలాగా చెబుతున్నాను. రాజుల కథల్లాగా వింటారు.

తోటకు పోయి ఉండాల్సిందని అనిపించిన రోజులున్నాయి. అబద్ధం రాయను. అన్నం మాడినప్పుడు, ఎవరి కాలో తొక్కినప్పుడు, అందరూ దేనికో ఒక్కసారి నవ్వి నేను ఆలస్యంగా నవ్వినప్పుడు అనిపించింది.

నిన్న కామాక్షి పెద్దమనిషైంది. రవణక్క తోట నుంచి పచ్చి పసుపు కొమ్ము ఒకటి తెప్పించింది. నలుగురు ఆడవాళ్ళు వచ్చి పాట పాడారు. "ముందు తల్లి పుయ్యాల," అన్నారు.

పిల్ల ఎదిగాక మొహం ముట్టుకోనివ్వడం లేదు. జడ వేసేటప్పుడు వీపు నావైపు ఉంటుంది. నిన్న మొదటిసారి ఎదురుగా కూర్చుంది. పసుపు ముద్ద తీసుకుని నొసట రాశాను, చెంపలకు రాశాను. బుగ్గల్లో మునుపటి మెత్తదనం లేదు. ఎముక తగిలింది. నా తలలో ఉన్న మొహం ఇది కాదు. ఆ మొహానికి తొమ్మిదేళ్ళే.

గడ్డం కిందికి వచ్చేసరికి వేలికి ఒక గాటు తగిలింది. దవడ వెంట పొడుగునా మానిన గాయం, కుట్ల గుర్తులు.

చెయ్యి ఆగిపోయింది. పాట పాడేవాళ్ళు కూడా ఆపేశారు.

"ఇదెప్పుడు?"

కామాక్షి నా మణికట్టు పట్టుకుంది.

"పోయినేడు," అంది రవణక్క మెల్లిగా. "మంచుబండి ఎక్కబోయి జారింది. మస్తాన్ కుట్లేసినాడు."

"అందరికీ తెలుసా?"

తెలియకుండా ఎలా ఉంటుంది? అందరూ చూస్తున్నారు. ఏడాదిగా నా తరగతిలో, నా ఇంట్లో, నాకెదురుగా కూర్చుని అన్నం తినేటప్పుడు.

"నేనే చెప్పొద్దన్నానమ్మా," అంది కామాక్షి. "నాయనని కూడా. నువ్వు చీకట్లో ఒక్కదానివే కూచోని దాన్నే తల్చుకుంటుంటావని."

"నొచ్చిందా?"

"నొచ్చింది."

"ఏడ్చినావా?"

"నీకు వినపడకుండా ఏడ్చినా."

నా చేతిలో పసుపు ఆరిపోతోంది. కొంచెం నీళ్ళు అడిగి తడిపాను. ఆ గాటు మొదటినుంచి చివరిదాకా, చెవి కింద నుంచి గడ్డం ముందుదాకా, పసుపు రాశాను.

"చెప్పు," అన్నాను. "ఏ కాలు ముందు జారింది, ఎవరు ఎత్తుకున్నారు, కుట్లేసేటప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నావు. అంతా చెప్పు."

అది చెప్పడం మొదలుపెట్టింది. నేను చెయ్యి తీయలేదు. మాట్లాడుతుంటే దాని దవడ నా వేళ్ళకింద కదులుతోంది.